చైనా కోటీశ్వరుల ఇంటి గుట్టు ఏ పేజీలో ఉంటుంది

2021 సంక్రాంతికి చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద పిల్లలు పతంగులు ఎగరేస్తుంటే, పెద్దవాళ్లం ఓ పక్క కుర్చీలేసుకుని కూర్చున్నాం. మాటల్లో నేను అందరికీ గట్టిగా చెప్పేశాను, చైనాలో ఆలీబాబా ఆన్‌లైన్ దుకాణం పెట్టిన జాక్ మాను జైల్లో వేశారని. మా ఆడపడుచు వాట్సాప్‌లో పంపిన వీడియో తప్ప నా దగ్గర వేరే ఆధారం లేదు. 2020 అక్టోబర్‌లో షాంఘైలో ఆయన చైనా బ్యాంకులవి తాకట్టు దుకాణం బుద్ధులని తిట్టడం నిజం. నవంబర్ 3న ఆయన డబ్బు చెల్లింపుల కంపెనీ యాంట్ గ్రూప్ షేర్ల ఇష్యూను అక్కడి అధికారులు ఆపేయడం నిజం. తర్వాత మనిషి బయట కనపడకపోవడమూ నిజమే. జైలు మాత్రం ఆ వీడియో చేసినవాళ్లు కలిపిన పోపు. పండగ వెళ్లి వారం తిరక్కముందే, జనవరి 20న ఆయన పల్లెటూళ్ల టీచర్లతో వీడియోలో మాట్లాడుతూ ప్రత్యక్షమయ్యాడు. మూడో ఫ్లోర్ పెద్దాయన లిఫ్టులో ఎదురైనప్పుడల్లా "ఏమ్మా, మీ మా గారికి బెయిలొచ్చిందా" అని నెల రోజులు ఏడిపించారు.

సిగ్గుపడాల్సిన విషయమే, ఎందుకంటే నేను 31 ఏళ్లు ఆడిటర్ ఆఫీసులో పనిచేశాను. బాలెన్స్ షీటులో అంకెలకన్నా వెనక ఉండే నోట్స్‌లోనే అసలు సంగతులుంటాయని నాకు తెలుసు. మా పాత క్లయింటు ఒకాయన గోడౌన్ అద్దె ఎవరి పేరున వెళ్తోందో చూసి, ఆయనకు రెండో సంసారం ఉందని మా గుమస్తా టీ తాగుతూ తేల్చేశాడు. ఆ పద్ధతే చైనావాళ్లకీ పనికొస్తుందని ఆ జనవరి తర్వాత తెలుసుకున్నాను. మీకూ చైనా కోటీశ్వరుల ఇంటి సంగతులు వెతికే పిచ్చి ఉంటే ఇలా మొదలుపెట్టండి.

ముందు పేరు. ఇందులో మనకు ఒక సుఖం ఉంది. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందు రాస్తారు. అయితే పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు, కాబట్టి భర్త ఇంటిపేరుతో భార్యను వెతికితే దొరకదు. పిల్లలు తండ్రి ఇంటిపేరే పెట్టుకోవాలనీ లేదు. హువావే పెట్టిన రెన్ జెంగ్‌ఫెయ్ కూతురు మెంగ్ వాన్‌జౌది తల్లి ఇంటిపేరు. 2018 డిసెంబర్‌లో ఆమెను వాంకూవర్‌లో అరెస్టు చేసేదాకా, ఆ పేరు చూసి ఎవరి కూతురో పోల్చుకోగలిగిన వాళ్లు మన దగ్గర ఎంతమంది? పైగా ఒకే మనిషికి రెండు ఉచ్చారణలు. ఇళ్లు కట్టి అమ్మే ఎవర్‌గ్రాండ్ కంపెనీ పెట్టినాయన చైనాలో షు జియాయిన్, హాంకాంగ్ కాగితాల్లో హుయి కా యాన్. ఇద్దరనుకుని నేను రెండు రోజులు తిప్పలు పడ్డాను. వికీపీడియాలో చైనా లిపిలో ఉన్న పేరు కాపీ చేసి ఫోన్‌లో దాచుకోండి. వెతకడానికి అదే వాడండి.

తెలుగులో రాసుకుంటే ఇంకో చిక్కు. హాంగ్‌జౌ నగరంలో నీళ్ల సీసాలు అమ్మి కుబేరులైనవాళ్లు ఇద్దరున్నారు. నాంగ్‌ఫు స్ప్రింగ్ యజమాని జాంగ్ షాన్‌షాన్, వాహాహా పెట్టిన జాంగ్ చింగ్‌హౌ. చైనా లిపిలో ఆ రెండు ఇంటిపేర్లకు పోలికే లేదు, మన లిపిలోకి వచ్చేసరికి అన్నదమ్ములైపోతారు. పైగా మొదటాయన ఒకప్పుడు రెండో ఆయన కంపెనీ సరుకు అమ్మిన ఏజెంటు. ఒకరి కథ ఇంకొకరికి అంటగట్టిన వీడియోలు నేనే రెండు చూశాను.

తర్వాత డబ్బు లెక్క. చైనాలో లక్ష, కోటి ఉండవు. వాన్ అంటే పది వేలు, యి అంటే పది కోట్లు. 2016లో మాల్స్ కట్టే వాండా గ్రూప్ అధిపతి వాంగ్ జియాన్‌లిన్ ఒక టీవీ కార్యక్రమంలో, ముందు చిన్న లక్ష్యం పెట్టుకోండి, ఒక యి సంపాదించండి అన్నాడు. దేశమంతా నవ్వుకుంది. పది కోట్ల యువాన్లు, యువాన్ సుమారు 12 రూపాయల లెక్కన మన 120 కోట్లు. ఎవరైనా చైనా ఆస్తుల గురించి చెబితే ముందు సున్నాలు లెక్కపెట్టండి. ఒక సున్నా అటో ఇటో పోవడం మామూలే.

ఇక అసలు చోటు. హాంకాంగ్ స్టాక్ ఎక్స్‌ఛేంజి వెబ్‌సైట్‌లో కంపెనీ కాగితాలన్నీ ఉచితంగా, ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. లాగిన్ అక్కర్లేదు. కంపెనీ పేరు గానీ కోడ్ నంబరు గానీ కొడితే చాలు. నాంగ్‌ఫు స్ప్రింగ్‌ది 9633. మొదటిసారి లిస్టయినప్పుడు, అంటే షేర్లు ఎక్స్‌ఛేంజిలోకి వచ్చినప్పుడు, కంపెనీ తన గురించి రాసిచ్చిన ప్రాస్పెక్టస్ దించుకోండి. వందల పేజీలు చూసి కంగారు పడకండి. వ్యాపారం గొప్పలన్నీ వదిలేసి కంపెనీ చరిత్ర, డైరెక్టర్ల పరిచయం, పెద్ద వాటాదారులు, బంధువులతో లావాదేవీలు, ఈ నాలుగు చోట్లే చదవండి. ఒక డైరెక్టరు ఇంకో డైరెక్టరుకు మొగుడో, పెళ్లామో, బావమరిదో అయితే అక్కడ రాయక తప్పదు. అమెరికాలో లిస్టయిన కంపెనీ అయితే ఏటా అక్కడి రెగ్యులేటర్‌కు ఇచ్చే 20-ఎఫ్ ఫారం చూడండి.

నాకు బాగా నచ్చే రూల్ ఇంకొకటి. హాంకాంగ్‌లో డైరెక్టరు భార్య పేరున, 18 నిండని పిల్లల పేరున ఉన్న షేర్లను కూడా ఆయన ఖాతాలోనే కలిపి చూపించాలి. అంటే కాపురం ఉన్నంతకాలం రెండు వాటాలూ ఒకే వరసలో కనిపిస్తాయి. విడిపోతే విడిపోతాయి. ఎవర్‌గ్రాండ్ విషయంలో ఏం జరిగిందో చూడండి. ఏళ్ల తరబడి షు జియాయిన్ వాటా పక్కనే భార్య డింగ్ యుమెయ్ వాటా ఉండేది. 2023 ఆగస్టులో కంపెనీ ఇచ్చిన ఒక ప్రకటనలో ఆవిడను కంపెనీతో సంబంధం లేని బయటి వ్యక్తిగా రాశారు. అంతే, విడాకులనే మాట ఎక్కడా లేదు. ఆ వాక్యం చూసే పత్రికలు వాళ్లు విడిపోయారని రాశాయి. మరుసటి నెలలో ఆయన్ను అదుపులోకి తీసుకున్నారు. 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు కంపెనీని మూసేసి ఆస్తులు అమ్మమంది. అంత అప్పుల్లో మునిగిన సంసారంలో ఆ చిన్న వాక్యం ఎందుకొచ్చిందో మీరే ఊహించుకోండి. నేనైతే ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకున్నాను.

చైనాలోని షెన్‌జెన్ నగరపు ఎక్స్‌ఛేంజిలో అంత మొహమాటం ఉండదు. టీకాలు చేసే కాంగ్‌తాయ్ కంపెనీ ఛైర్మన్ దు వేయిమిన్ 2020 మే చివర్లో విడాకుల ఒప్పందం ప్రకారం మాజీ భార్యకు 16.13 కోట్ల షేర్లు బదిలీ చేశాడు. వాటి విలువ అప్పటికి సుమారు 320 కోట్ల డాలర్లు. కంపెనీ ఆ సంగతి ఎక్స్‌ఛేంజికే చెప్పుకుంది. ఈ కాగితాలు చైనా భాషలో ఉంటాయి, ఫోన్ అనువాదంతో ముప్పాతిక వంతు అర్థమవుతుంది. అంకెలకు అనువాదం అక్కర్లేదు కదా.

కోర్టు కాగితాలు చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఎవరో వేసిన దావాలో మాట వేరు, కోర్టు తేల్చిన మాట వేరు. వాహాహా జాంగ్ గారు 2024 ఫిబ్రవరిలో 78 ఏళ్ల వయసులో పోయారు. గుడ్డ చెప్పులు వేసుకుని నిరాడంబరంగా బతికిన మనిషని, ఒక్కగానొక్క కూతురని లోకమంతా అనుకుంది. 2025లో ముగ్గురు వచ్చి, మేమూ ఆయన పిల్లలమే, మా పేరున ట్రస్టు పెడతానన్నారు అంటూ హాంకాంగ్ కోర్టుకెక్కారు. గొడవ ఒక బ్యాంకు ఖాతాలో ఉన్న సుమారు 180 కోట్ల డాలర్ల మీద. ఆ ఖాతాలో డబ్బు కదపకూడదని కోర్టు ఆగస్టులో ఆర్డరిచ్చింది. ఆ ఆర్డరు డబ్బును ఆపిందే గానీ, ఎవరు ఎవరి పిల్లలో తేల్చలేదు. నేను నోటుబుక్కులో ఇలాంటివాటి పక్కన "అట" అని రాసుకుంటాను. ఆ రెండక్షరాలు 2021లో గుర్తుంటే లిఫ్టులో తలదించుకునే పని ఉండేది కాదు.

ధనవంతుల జాబితాలు నాకంత ఇష్టం లేదు. హురున్ జాబితా 1999 నుంచి వస్తోంది. చైనావాళ్లు దాన్ని పందుల్ని కోసే జాబితా అని ఎగతాళి చేస్తారు, కొవ్వెక్కినవాళ్లను చూపించి కత్తికి అప్పగిస్తుందని. 2008లో అందులో మొదటి పేరు గోమ్ దుకాణాల హువాంగ్ గువాంగ్‌యు. అదే నవంబర్‌లో పట్టుకున్నారు, 2010లో 14 ఏళ్ల శిక్ష పడింది. మనవాళ్లు దిష్టి తగులుతుందని ఆస్తి దాచుకుంటారు, అక్కడ దిష్టి తీసేది పోలీసులు. జాంగ్ షాన్‌షాన్ 2020 చివర్లో మన అంబానీని దాటి ఆసియాలో మొదటి స్థానానికి వచ్చిన రోజు మా వీధిలో ఆయన పేరు విన్నవాళ్లు లేరు. ఆ ఏడాదే ఆయన కంపెనీలు రెండు లిస్టయ్యాయి, ఏప్రిల్‌లో షాంఘైలో మందుల కంపెనీ వాంతాయ్, సెప్టెంబర్‌లో హాంకాంగ్‌లో నాంగ్‌ఫు. ప్రాస్పెక్టస్ లేకపోతే ఆయన ఆస్తి ఎంతో ఎవరికీ అంతుపట్టేది కాదు.

వాళ్లంతట వాళ్లు బయటపెట్టుకున్నవి చూసి నవ్వుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. వాంగ్ జియాన్‌లిన్ కొడుకు 2015లో తన కుక్క ముందుకాళ్లకు రెండు ఆపిల్ వాచీలు తొడిగి ఫొటోలు పెట్టాడు. కానీ ఏ స్కూల్లో ఎవరి పిల్లలు చదువుతున్నారో వెతికే పని నేను పెట్టుకోను, మీరూ పెట్టుకోకండి.

మొన్న మధ్యాహ్నం కుక్కర్ మూత తీస్తుంటే ఆడపడుచు ఫోన్. "వదినా, ఒక కంపెనీ డైరెక్టర్లలో ఎవరో కొత్త ఇంటిపేరు ఆవిడ కనపడింది, పెద్దాయనకి ఏమవుతుందో తేలట్లేదు" అంది.

ఏ పేజీ అని అడిగాను.