రేడియో కంట్రోల్ విమానానికి హింజ్ చీలికలు కోయడం ఎలా?

తేలికైన బాల్సా చెక్కతో కట్టిన రేడియో కంట్రోల్ విమానంలో దిశను మార్చే కదిలే పలకలను, అంటే ఏలరాన్లను రెక్కకు, ఎలివేటర్, రడ్డర్‌లను తోకకు, పట్టి ఉంచేవి అర మిల్లీమీటరుకు అటూఇటూ మందముండే చిన్న హింజ్ (కీలు) ముక్కలు మాత్రమే. అవి కూర్చునే చీలిక వంకరగా ఉంటే అంచులు ఒకదానికొకటి ఎత్తుపల్లాలుగా నిలుస్తాయి, మధ్యలో సందు పెరుగుతుంది, ఆ సందులోంచి గాలి జారి కంట్రోల్ బలం తగ్గుతుంది. వేగం మీద ఆ పలక అదరడం మొదలైతే కొద్ది క్షణాల్లోనే ఊడి పోవచ్చు. నెలల తరబడి ఓపికగా కట్టిన విమానాలలో ఈ ఒక్క పనిని పావుగంటలో తోసేయడం నేను మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. అందుకే నేను చేసే పద్ధతిని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇది సుమారు 1,500 మిల్లీమీటర్ల రెక్క ఉన్న ట్రైనర్ (నేర్చుకునేవారి) విమానానికి, సీఏ హింజ్‌లు, అంటే సైనోయాక్రిలేట్ (సీఏ) అనే తక్షణ జిగురుతో అతికే పలుచని హింజ్‌లు, వాడేవారికి ఉద్దేశించినది.

కావలసినవి తక్కువే. 11వ నంబరు బ్లేడు బిగించిన హాబీ కత్తి, కొత్త బ్లేడ్లు నాలుగైదు, 0.5 మిల్లీమీటర్ల పెన్సిల్, స్టీలు స్కేలు, రకరకాల మందాల పలుచని చెక్కముక్కలు, 2.5 మిల్లీమీటర్లకు దగ్గరి డ్రిల్ బిట్, పలుచని రకం సీఏ జిగురు ఉంటే చాలు. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ బ్లేడు చవకే కానీ ఈ పనికి వద్దు. అది మరీ పలుచన కావడం వల్ల చెక్కలో వంగి దారి తప్పుతుంది. నాలుగు చీలికలకు ఒక కొత్త బ్లేడు చొప్పున మార్చాలి.

మొదట స్థానాలు గుర్తించాలి. ఒక్కో ఏలరాన్‌కు 4, ఎలివేటర్ ఒక్కో సగానికి 3, రడ్డర్‌కు 3 హింజ్‌లు పెట్టాలి. చివరి హింజ్ అంచు నుంచి 25 మిల్లీమీటర్లకు మించి దూరం ఉండకూడదు. రెండు ముక్కలనూ ఆనించి పెట్టి, గుర్తులు రెండింటి మీదా ఒకేసారి గీయాలి.

తరువాత మధ్యగీత. ముక్క మందంలో సుమారు సగం ఎత్తున్న చెక్కదిమ్మ మీద పెన్సిల్‌ను టేపుతో బిగించి, దానిని చదునైన బల్ల మీద జరుపుతూ ఏలరాన్ ముందు ముఖం మీద ఒక గీత గీయాలి. ఆపై ఏలరాన్‌ను తిరగేసి అదే దిమ్మతో మరో గీత గీయాలి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే అదే నడిమి. విడిగా పడితే నడిమి ఆ రెంటి మధ్య ఉంటుంది. కంటి అంచనాతో గీసిన గీతను నేను అంగీకరించను. ముఖం మీద అర మిల్లీమీటరు తేడా కూడా చివరకు రెక్క, ఏలరాన్ల మధ్య మెట్టులా కనిపిస్తుంది. రెక్క వెనుక అంచు ఈ దిమ్మ పద్ధతికి లొంగదు కాబట్టి, రెండు చివరలా మందాన్ని కొలిచి సగం గుర్తించి, ఆ గుర్తులను స్కేలుతో కలపాలి.

ఇక అసలు కోత. ఇక్కడ తొందరపడేవారికి బాల్సా ఎందుకు దారి తప్పిస్తుందో ముందు తెలియాలి. అంచు చెక్కలో పీచు సాధారణంగా పొడవునా సాగుతుంది. చీలిక కూడా అదే దిశలో పడుతుంది కనుక కత్తి చెక్కను కోయడం కన్నా చీల్చడం సులువు. అడ్డకోతలో కనిపించే గీతలలో గట్టివీ మెత్తవీ కలిసి ఉంటాయి. ఆ గీతలు పైకో కిందికో వాలి ఉంటే, బలంగా పొడిచిన బ్లేడు మెత్తని గీతను పట్టుకుని ఆ వాలులోనే వెళ్ళిపోతుంది. చేతికి ఏమీ తెలియదు. ముఖం మీద చీలిక సరిగ్గా గీత మీదే ఉంటుంది, లోపల మాత్రం కొన పై పొరకు చేరువై ఉంటుంది. కనుక ముందే ముక్క చివరను చూసి ఆ గీతలు ఎటు వాలాయో తెలుసుకుని, కత్తి అటు జారుతుందని ఎదురుచూస్తూ పనిచేయాలి.

ముక్కను చేతిలో పట్టుకుని ఎప్పుడూ కోయవద్దు. బల్ల అంచుకు దగ్గరగా పడుకోబెట్టి, వేళ్ళు కత్తి దారిలో లేకుండా పైనుంచి అదిమి ఉంచాలి. ముక్క వెనుక అంచు వైపు సన్నబడుతూ పోతే ఆ అంచు కింద పలుచని చెక్క పెట్టి, దాని నడిమి తలం బల్లకు సమాంతరం అయ్యేలా చూడాలి. ముక్క ముందు, మధ్యగీత ఎత్తుకు సరిపోయే 10 మిల్లీమీటర్ల వెడల్పు చెక్కముక్కను ఉంచి, బ్లేడును దాని మీద పడుకోబెట్టి లోపలికి పంపాలి. కత్తి పిడి బల్ల అంచు దాటి బయట ఉంటుంది కనుక బల్లకు తగలదు. ఇప్పుడు కోణాన్ని కాపాడేది ఆ చెక్కే, మన చేయి కాదు.

మొదట బ్లేడు కొనతో మధ్యగీత మీద హింజ్ వెడల్పు కన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువగా మూడు నాలుగు సార్లు తేలికగా గీయాలి. ఒక మిల్లీమీటరు లోతు గాడి పడితే కొన ఇక పక్కకు జారదు. తరువాత కొనను 3 మిల్లీమీటర్ల లోతుకు దించి తీసి, పక్కన ముందు పోటును కొంత కలుపుకుంటూ మళ్ళీ దించాలి. అలా ఒక చివర నుంచి మరో చివరకు వెళ్ళాక, ఇంకో 2 మిల్లీమీటర్లు. కత్తి ఆగిన చోట బలం పెంచకూడదు. బయటికి తీసి పక్క నుంచి మళ్ళీ రావాలి. బలం అవసరమైందంటే బ్లేడు మొండిబారిందన్నమాట.

5 మిల్లీమీటర్ల లోతు దగ్గర తప్పనిసరిగా ఆగాలి. ఒక పాత బ్లేడును చీలికలో నిలిపి, ముక్క చివర నుంచి ఒంటికన్నుతో చూడాలి. బ్లేడు పై ముఖానికీ కింది ముఖానికీ సమదూరంలో, సమాంతరంగా ఉందా? ఉంటే కొనసాగించాలి. లేకపోతే ఆ లోతులో ఇంకా సరిదిద్దుకోవచ్చు. కొన ఎటు వాలిందో దానికి ఎదురు వైపు గోడను బ్లేడుతో కొద్దిగా గీరి, కొత్త దారి పట్టించాలి. 25 మిల్లీమీటర్ల హింజ్‌కు 13 మిల్లీమీటర్ల లోతు కావాలి. ఆ కొలత దగ్గర బ్లేడు మీద టేపు అంటిస్తే లోతు గురించి ఆలోచించనక్కర లేదు.

పూర్తిగా వంకర పోయిన చీలికలో బాల్సా రేకు దూర్చి తెల్ల ఫెవికాల్‌తో మూసి, ఒక రాత్రి ఆరనిచ్చి, 15 మిల్లీమీటర్ల పక్కన కొత్తగా కోయాలి. సీఏతో మూస్తే ఆ చోటు రాయిలా గట్టిపడి, దగ్గరలో వేసే తరువాతి కోతను కూడా పక్కకు నెడుతుంది.

తిరిగే చక్రం ఉన్న యంత్రంతో నిమిషంలో చీలిక పడుతుందని కొందరు చెబుతారు. పడుతుంది, కానీ హింజ్ వదులుగా ఆడేంత వెడల్పుగా పడుతుంది. పలుచని సీఏ సన్నని సందులో పాకి పట్టుకుంటుందే తప్ప ఖాళీని నింపదు. చీలికలు కోయడానికే అమ్మే రెండు మొనల పనిముట్టు నేరుగానే వెళుతుంది గాని, మెత్తని బాల్సాలో చీలిక చివరలు నలిగిపోవడం చూశాను. డ్రిల్ చేసి దిగగొట్టే గుండ్రని హింజ్‌లు పెద్ద విమానాలకు మంచివి. 10 మిల్లీమీటర్ల అంచున్న ట్రైనర్‌కు మాత్రం కత్తితో కోసిన చీలికే సరైనది.

చీలికలు పూర్తయ్యాకే ఏలరాన్ ముందు అంచును రెండు వైపులా ఏటవాలుగా నున్నచేయాలి. ముందే చేస్తే మధ్యగీతకు చదునైన ముఖం మిగలదు. తరువాత ప్రతి చీలిక మధ్యలో డ్రిల్ బిట్‌ను చేత్తోనే తిప్పి 12 మిల్లీమీటర్ల లోతు రంధ్రం చేయాలి. జిగురు లోపలికంటా పారేది ఆ దారినే. విమానం పైన కప్పే ప్లాస్టిక్ ఫిల్మ్ వేసిన తరువాత చీలిక మీద 2 మిల్లీమీటర్ల వెడల్పున ఫిల్మ్ తీసేయాలి.

అతికేటప్పుడు హింజ్ నడుమ గుండుసూది గుచ్చి సగం అటు, సగం ఇటు ఉండేలా నిలిపి, ముక్కలు దగ్గరికి తెచ్చాక సూది తీసేసి సందును వీలైనంత మూయాలి. ఏలరాన్‌ను వంచి పట్టుకుని పైనుంచి మూడు చుక్కలు, తిరగేసి మరో మూడు చుక్కలు వేయాలి. జిగురును వెంటనే గట్టిపరిచే స్ప్రే ఇక్కడ వాడకూడదు. ఒకసారి మైదానంలో విడిపోయిన ఏలరాన్‌ను నేను విప్పి చూస్తే, జిగురు చీలిక నోటి దగ్గర 3 మిల్లీమీటర్లు మాత్రమే పట్టి, లోపలి హింజ్ అంతా పొడిగా ఉంది. ఆ విమానం కట్టినాయన స్ప్రే వాడానని తరువాత చెప్పారు.

పది నిమిషాలు ఆగి, ఏలరాన్‌ను రెండు వైపులా పూర్తిగా వంచి, ప్రతి హింజ్ దగ్గరా రెండు చేతులతో గట్టిగా లాగి చూడాలి. ఒక్కటి కదిలినా అక్కడ మరో రెండు చుక్కలు వేసి మళ్ళీ లాగాలి. అప్పటికీ కదిలితే ఆ హింజ్‌ను నడుమ కోసి వదిలేసి, దాని పక్కన కొత్త చీలికకు గీత గీసుకోవాలి.