బోరు కేబుల్ దొంగల పాలు కాకుండా

బోరు దగ్గరికొచ్చే దొంగకు కావాల్సింది రాగి. కేసింగు మూతి నుంచి స్టార్టర్ డబ్బా దాకా పైన కనబడే కేబుల్‌ను కోసుకుపోయి, పైతొడుగు కాల్చి తూకానికి అమ్ముకుంటాడు. కాలిపోయాక అది ఎవరి తీగో తేల్చలేం కాబట్టి దాని మీద పేరు రాసినా పెద్దగా లాభం లేదు. ఆ నాలుగు బారల తీగ గుంజినా రాకుండా చేసుకోవడమే అసలు పని.

ముందు మెయిన్ ఆపి మూడు ఫ్యూజులూ పీకి దగ్గర పెట్టుకోండి. బోరు నుంచి స్టార్టర్ దాకా రెండడుగుల లోతు కాలువ తీయండి. లోతు తగ్గితే నాగలికో రోటవేటర్‌కో తగులుతుంది. అందులో ఒకటిన్నర అంగుళం పైపు వేసి కేబుల్ పోనివ్వండి. స్టార్ డెల్టా మోటారుకు రెండు కేబుళ్లుంటాయి, రెండంగుళాల పైపు కావాలి. పైపు రెండు చివర్లా ఎల్బో పెట్టి చుట్టూ కాంక్రీటు పోయండి.

మోటారు పైకి తీసేటప్పుడు విప్పాలి కాబట్టి బోరు పక్కన తాళం వేసే ఇనుప డబ్బాలో జాయింటు పెట్టండి. డబ్బాకు ఎర్త్ తప్పనిసరి. జాయింటును మట్టిలో పూడ్చితే తేమ దిగి ఫ్యూజులు ఎగురుతూనే ఉంటాయి. బోరు లోపలి కేబుల్‌ను క్లాంపు కింద, నీళ్లు పైకి తెచ్చే పైపుకు గట్టిగా కట్టండి. కట్టకపోతే, దొంగ పైన కోసినప్పుడు కొస లోపలికి జారి మోటారంతా పైకి లాగాల్సి వస్తుంది. ఆ ఖర్చు పోయిన తీగ కంటే ఎక్కువ.

పైభాగానికి అల్యూమినియం కేబుల్ వేస్తే దొంగకు ఆశ తగ్గుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగికి బదులు కనీసం 6, దూరమైతే 10 వేయాలి. రాగిని, అల్యూమినియాన్ని నేరుగా మెలితిప్పితే ఆ చోటు వేడెక్కి కాలుతుంది. ఒక వైపు రాగి, మరో వైపు అల్యూమినియం ఉండే బైమెటల్ లగ్గులే వాడండి.

కేబుల్ పోయిందని తెలిస్తే కోసిన కొసను ముట్టుకోకండి. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే ఆ కొసలోకి వస్తుంది. ముందు ఫ్యూజులు పీకి, తర్వాత ఫొటోలు తీయండి. కేబుల్ సైజు, పొడవు, కంపెనీ, బిల్లు వివరాలతో ఫిర్యాదివ్వండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితం.

రాత్రిపూట మీ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదానికే కరెంటు పోతే రాగి దొంగలు దాన్ని దించుతుండొచ్చు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు, లైన్‌మన్‌కు వెంటనే ఫోన్ చేయండి. దించిన ట్రాన్స్‌ఫార్మర్ కనబడినా, లైన్‌మన్ సరఫరా ఆపానని చెప్పేదాకా స్తంభం దగ్గరికి పోకండి.