గ్రీకు కథ, అమ్మాయి గొంతు – నాలుగో పాఠం: మీకు తెలుసు, ఆ పిల్లకి తెలియదు

పోయిన పాఠం చివర, అగమెమ్నాన్ రాజు కూతురు ఇఫిజెనియా గొంతులో ఒక్క పేజీ అడిగాను. ఇఫిజెనియా తల్లితో కలిసి ఆలిస్ తీరంలో బండి దిగుతుంది, అంతే. వచ్చిన పేజీల్లో సగానికి పైగా ఆ పిల్ల నేల మీద కాలు పెట్టకముందే ఏడుపు లంకించుకుంది. ఒకరి పేజీలో కుడికన్ను అదిరింది, ఇంకొకరి పేజీలో కాకి గోల పెట్టింది. మిగతావాళ్ళు "ఎందుకో మనసు కీడు శంకించింది" అని సరిపెట్టేశారు. ఈసారి బట్టలూ నగలూ చెబుదామనుకున్నాను. అవి తర్వాత. ముందు ఈ కన్ను సంగతి తేలాలి.

కథ మళ్ళీ చెప్పను. ట్రాయ్ మీదికి బయల్దేరిన ఓడలు ఆలిస్‌లో ఆగి కదలవు, ఆర్టెమిస్ దేవతకి అగమెమ్నాన్ తన కూతుర్ని బలివ్వాలని జోస్యుడు కాల్కస్ చెబుతాడు, వీరుడు అకిలీస్‌తో పెళ్ళని అబద్ధం రాసి అగమెమ్నాన్ ఆమెని రప్పిస్తాడు. మన కాలం క్రీ.పూ. 1250 ప్రాంతం, మన ఊరు అగమెమ్నాన్ కోట ఉన్న మైసీనే. ఇది రెండో పాఠంలోనే ఖాయం చేసుకున్నాం. ఇంకా నాణేలూ పార్థెనాన్ లాంటి పాలరాతి స్తంభాలూ రాస్తున్నవాళ్ళు ఆ పాఠం తిరిగి చదువుకోండి. "జనకా" అని పిలిపించినవాళ్ళు పద్యనాటకం లోంచి బయటికి రండి. "నాన్నా" అంటే చాలు.

ఇక కన్ను. ఆడవాళ్ళకి కుడికన్ను అదిరితే కీడన్నది మన ఇళ్ళలో మాట. థియోక్రిటస్ కవితలో ఒక మేకల కాపరి తన కుడికన్ను అదిరిందని, అయితే తన పిల్లని చూస్తానేమోనని ఆశపడతాడు. అది క్రీ.పూ. మూడో శతాబ్దపు కవిత. మన కథకి చాలా తర్వాతిదే, అయినా మన శకునం కంటే ఆ పిల్లకి దగ్గరిది. సరే, శకునం మార్చినంత మాత్రాన జబ్బు పోదు. ఆమె పెళ్ళికి వస్తోంది. కొత్త బట్టలు కట్టుకుని, చంటి తమ్ముడు ఒరెస్టెస్‌ని వెంటబెట్టుకుని, మేళతాళాలు ఉంటాయనుకుంటూ వస్తోంది. కీడు శంకించింది ఆమె కాదు, మీరు. మీరు యూరిపిడీస్ నాటకం ఆఖరి దాకా చదివేశారు కాబట్టి ఆ తెలివి పిల్ల నెత్తిన రుద్దారు.

ఈ తెలివి శకునాల్లో ఒక్కచోటే దూరదు. అకిలీస్‌ని తొలిసారి చూడగానే ఆమె చూపు అతని మడమ మీద పడినట్టు రాసినవాళ్ళున్నారు! మడమలోనే అతని చావుందన్న కథ హోమర్‌లోనే లేదు, ఎప్పుడో రోమన్ల కాలంలో కనిపిస్తుంది. ఒకరు "ట్రోజన్ యుద్ధం మొదలవబోతోంది" అన్నారు. మొదలవని యుద్ధానికి అప్పుడే పేరు పెట్టిందెవరు? ఆమెకి తెలిసింది, పిన్ని హెలెన్‌ని తీసుకురావడానికి నాన్న ఓడల మీద వెళ్తున్నాడని. "గ్రీకులు" కూడా వద్దు, "అకియన్లు" అనండి.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది ఈ వాక్యం: "అదే ఆఖరిసారని అప్పుడు నాకు తెలియదు." ఎప్పుడు తెలిసింది మరి? ఎక్కడ కూర్చుని చెబుతోంది? నాటకకర్త ఈస్కిలస్ చెప్పినట్టు బలిపీఠం మీదే ఆమె కథ ముగిస్తే ఈ మాట అనడానికి మనిషే లేదు. ఆర్టెమిస్ ఆమెని తప్పించి, లేడిని ఉంచి, దూరదేశం టారిస్‌కి చేర్చి తన పూజారిణిని చేసిందన్న కథ తీసుకుంటే కొంత చెల్లుతుంది. అలాగైతే పుస్తకమంతా ఆ పెద్దయిన పూజారిణి గొంతులోనే నడవాలి. అవసరమైనప్పుడు పెద్దది, లేనప్పుడు చిన్నది అంటే కుదరదు. నేనైతే వర్తమానంలోనే రాస్తాను, "దిగుతున్నాను, చూస్తున్నాను" అని. సినిమా స్క్రిప్టులా ఉందనేవాళ్ళుంటారు. అననివ్వండి.

మరి పాఠకుడికి దడ పుట్టించడం ఎలా? ఆమె అన్నీ చూడాలి, అన్నిటికీ తప్పు అర్థం చెప్పుకోవాలి. యూరిపిడీస్ చేసింది అదే. ఆయన చనిపోయాకే ఆడిన నాటకంలో తండ్రీకూతుళ్ళ సంభాషణ చూడండి. నన్ను చూసి సంతోషమంటావు, కళ్ళలో ఆ నీళ్ళేమిటి అంటుంది ఆమె. చాలాకాలం ఎడబాటు ఉంది కదా అంటాడు. నేనూ ఓడ ఎక్కాలా, అమ్మతోనా, ఒంటరిగానా అంటే, ఒంటరిగానే అంటాడు. వేరే ఇంటికి పంపేస్తున్నావా అని అడుగుతుంది. పెళ్ళికూతురు కదా, అదే ఆలోచన. ముందు ఇక్కడ ఒక బలి ఇవ్వాలంటాడు. పీఠం చుట్టూ మేము నాట్యం చేస్తామా అంటే, నువ్వు నీళ్ళ పాత్ర పక్కనే నిలబడతావంటాడు. ఒక్క జవాబూ అబద్ధం కాదు.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, ఆ లోకంలో పెళ్ళికీ బలికీ సరంజామా దాదాపు ఒకటే. పెళ్ళికూతురికి స్నానం నీళ్ళు, బలిపశువు మీద చల్లే నీళ్ళు. ఇద్దరికీ తలమీద దండ. పెళ్ళికి ముందు ఎలాగూ దేవతకి బలి ఉంటుంది. బార్లీ గింజల బుట్ట ఒకటి వస్తుంది, గింజల అడుగున కత్తి దాచి ఉంటుంది. ఈ వివరాలు ఎక్కువగా తర్వాతి కాలపు గ్రీకుల నుంచి తెలిసినవే, అయినా వాడుకుందాం. నా ముక్క ఒకటి:

"బుట్ట మోస్తున్న పిల్ల నాకంటే చిన్నది. దాన్ని రెండు చేతులా పొట్టకి అదుముకుని నడుస్తోంది. బార్లీ గింజలేగా, అంత బరువేముంది? ఇంట్లో పండగలకి నేనూ మోశాను, ఒంటిచేత్తో. రాజుగారి కూతురి పెళ్ళి, ఒక్క గింజ ఒలికినా తిడతారని భయం కాబోలు. నేను నవ్వుతాను. తను తల దించుకుంటుంది."

కత్తి అన్న మాట రాలేదు. "కాబోలు" దగ్గర ఆమె లెక్క తప్పింది, చాలు. అక్కడే ఆపండి. వెనకాలే "పాపం" అని ఇంకో వాక్యం తగిలించొద్దు.

ఆలిస్‌కి దగ్గర్లోనే ఉన్న కాల్కిస్ ఊరి దగ్గర జలసంధిలో నీళ్ళు రోజుకి మామూలుగా నాలుగుసార్లు దిశ మార్చుకుంటాయి. ఓడలు చూడ్డానికి అటు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఈ ముచ్చట ఆమెకి చెప్పొచ్చు. కొండమీది కోటలో పెరిగిన పిల్ల నమ్మకపోవచ్చు. తండ్రి మనసు కూడా అలాగే మారుతోందని రాశారో, ఎర్రసిరాతో కొట్టేస్తాను.

అభ్యాసం. తల్లి బయట అకిలీస్‌ని కలుస్తుంది. కాబోయే అల్లుడిలా పలకరిస్తే అతనికి పెళ్ళి సంగతే తెలియదు. ఆ మాటలేవీ గుడారంలో ఉన్న పిల్లకి వినపడవు. తల్లి లోపలికి వస్తుంది, ఇంకా ఏమీ చెప్పలేదు. ఒక పేజీ రాయండి. తల్లి ముఖం, చేతులు, అడుగు, అన్నీ పిల్ల చూడాలి, కనీసం మూడింటికి పెళ్ళికి సంబంధించిన కారణమే తోచాలి. "ఎందుకో", "తెలియని భయం" నిషేధం. తర్వాత అదే పేజీని, గుడారం మూల కూర్చుని బుట్టలో గింజలు సర్దుతున్న బానిస పిల్ల వైపు నుంచి రాయండి. ఆమెకి అంతా తెలుసు. రెండు పేజీల్లోనూ జరిగేవీ, పలికేవీ ఒక్కటే ఉండాలి, ఒక్క కదలిక కూడా తేడా రాకూడదు. రెండూ కలిపి పంపండి, ఒక్కటే పంపితే చదవను.