పోలీసుల ముందు హక్కు అడిగే ఇంగ్లీషు మాటలను తెలుగులో ఎలా రాయాలి?

అరెస్టు నోటీసు, సోదా కాగితం, విదేశంలో చదివే పిల్లల కోసం తయారుచేసిన హక్కుల కార్డు: ఇలాంటివి తెలుగు చేసి పెట్టమని ఎవరైనా ఇస్తే, మొదట చెయ్యి ఆగేది 'ఇన్వోక్' దగ్గర, అంటే ఫలానా హక్కు వాడుకుంటున్నానని చెప్పడం దగ్గర. నిఘంటువు తెరిస్తే 'ఆవాహన చేయు' అంటుంది. కలశంలోకి దేవుణ్ణి పిలవడానికి ఆ మాట బాగానే ఉంటుంది, ఎస్సై ఎదురుగా కూర్చున్నవాడికి దానితో పనిలేదు. 'వినియోగించుకొనుచున్నాను' అని రాసినా అతనికి ఒరిగేదేమీ లేదు. హక్కు అడిగే వాక్యం పలికాక ఎదుటి అధికారి ఏదో ఒకటి ఆపాలి, లేదా మొదలుపెట్టాలి. అంత పని జరగాలంటే, చదివినవాడికి తాను నోరు తెరిచి ఏమనాలో తెలియాలి. కింది పద్ధతి అందుకోసమే.

1. ఆ మాట ఎవరి నోట్లోదో చూసుకోండి

అధికారి చెప్పే వాక్యమైతే ('మీకు ఈ హక్కు ఉంది') వినేవాడికి అర్థమయ్యేలా విడమరచాలి. పట్టుబడ్డ మనిషి అనాల్సిన వాక్యమైతే చిన్నగా, గట్టిగా ఉండాలి. ఆ మనిషి అన్నదాన్ని మీరు దుబాసీగా ఇంగ్లీషులో చెబుతుంటే మాత్రం మీ తెలివి పక్కన పెట్టండి. అతను నసిగితే ఆ నసుగుడే చెప్పాలి. దీని సంగతి 6లో ఉంది.

2. ఏ దేశం చట్టమో తేల్చుకోండి

అమెరికాలో, కస్టడీలో ఉన్నవాడు లాయర్ కావాలని స్పష్టంగా అడిగితే, లాయర్ వచ్చేదాకానో, అతనే మళ్ళీ మాట కలిపేదాకానో ప్రశ్నలు ఆపాలి. 1981లో ఎడ్వర్డ్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు పెట్టిన నియమం అది. మన దగ్గర 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షన్ ప్రకారం, అరెస్టయిన వ్యక్తి విచారణ సమయంలో తనకు నచ్చిన న్యాయవాదిని కలుసుకోవచ్చు, అయితే విచారణ పొడుగునా కాదు. అమెరికా కార్డులోని 'లాయర్ వచ్చేదాకా ఒక్క ప్రశ్నా అడగకూడదు' అన్న వాక్యాన్ని తెలుగు చేసి హైదరాబాద్ వాట్సాప్ గ్రూపులో పెడితే, ఎవరో ఒకరు దాన్ని నమ్మి స్టేషన్లో చిక్కుల్లో పడతారు. కాగితం పైనే దేశం పేరు, చట్టం పేరు రాసేయండి.

3. క్రియను మనిషి నోటికి తగ్గట్టు పెట్టండి

'ఐ ఇన్వోక్ మై రైట్ టు రిమైన్ సైలెంట్' అనేదానికి 'మాట్లాడకుండా ఉండే హక్కు నాకుంది. దాన్ని ఇప్పుడు వాడుకుంటున్నాను. జవాబులు చెప్పను' అంటే సరిపోతుంది. ఒక వాక్యం మూడైతే తప్పేం లేదు. 'వెయివ్' అంటే 'వదులుకోవడం'. 'విరమించుకోవడం' అని రాయకండి, అది అప్పటికే మొదలుపెట్టిన పనిని మానుకోవడం. 'వితౌట్ ప్రెజుడిస్ టు మై రైట్స్' అనేదానికి మన లాయర్ నోటీసుల్లో ఎప్పటినుంచో 'నా హక్కులకు భంగం లేకుండా' అనే మాట ఉంది. కొత్తది కనిపెట్టక్కర్లేదు. 'ఐ ప్లీడ్ ద ఫిఫ్త్' అంటే అమెరికా రాజ్యాంగ ఐదో సవరణ కింద, నా మీదికే వచ్చే జవాబు చెప్పనని. 'మీదికి రావడం' అనే మాట పల్లెలో ఎవరికైనా తెలుసు. 'స్వీయ అపరాధారోపణ' అంటే లాయర్లకే తెలుసు.

4. 'అక్కర్లేదు', 'కూడదు', 'లేరు' కలిపేయకండి

నా లెక్కలో ఎక్కువ అనువాదాలు దెబ్బతినేది ఇక్కడే. 'యు నీడ్ నాట్ ఆన్సర్' అంటే 'జవాబు చెప్పనక్కర్లేదు'. 'చెప్పకూడదు' అంటే నిషేధం అయిపోతుంది, 'చెప్పలేరు' అంటే చేతకానితనం. నేరం ఒప్పుకుంటానని వచ్చినవాడి వాంగ్మూలం రాసే ముందు మేజిస్ట్రేట్ అతనికి రెండు ముక్కలు చెప్పి తీరాలి: ఒప్పుకోవాలనే నిర్బంధం లేదు, ఒప్పుకుంటే అది అతని మీదే సాక్ష్యంగా వాడవచ్చు. ఇంగ్లీషులో 'నాట్ బౌండ్' అని ఉంటుంది. దాన్ని 'బద్ధుడు కాడు' అని రాసి చదివితే కూలివాడికి ఏం తెలుస్తుంది? 'మీరు నేరం ఒప్పుకుని తీరాలని ఏమీ లేదు. ఒప్పుకుంటే మాత్రం దాన్ని మీ మీదే సాక్ష్యంగా వాడవచ్చు' అని రాయండి.

'ఫ్రీ' అనే మాటతోనూ జాగ్రత్త. 2013లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం నుంచి వచ్చిన ఒక కేసులో, డిటెక్టివ్ స్పానిష్‌లో హక్కులు చెబుతూ, డబ్బు కట్టలేనివారికి ఇచ్చే లాయర్ గురించి 'లిబ్రె' అన్నాడు. దానికి 'ఖాళీగా, స్వేచ్ఛగా ఉన్న' అనే అర్థమే తప్ప 'ఖర్చు లేకుండా' అని రాదు. ఆ హెచ్చరిక చెల్లదని అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు (తొమ్మిదో సర్క్యూట్) తేల్చింది. మనవాళ్ళూ 'సార్ ఫ్రీగా ఉన్నారా?' అంటారు కదా. అందుకే 'ఫ్రీ లాయర్' వద్దు. 'పైసా తీసుకోకుండా ప్రభుత్వమే పెట్టే లాయర్' అనండి.

5. 'హక్కు' అనే మాటను మింగేయకండి: సోదా నోటీసు

మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్డీపీఎస్, 50వ సెక్షన్ నోటీసు మంచి ఉదాహరణ. చాలామందికి తట్టే తెలుగు ఇలా ఉంటుంది: 'మిమ్మల్ని గెజిటెడ్ అధికారి ముందు సోదా చేయమంటారా, మమ్మల్నే చేసేయమంటారా?' వినడానికి హాయిగా ఉంది, అసలు సరుకు మాత్రం జారిపోయింది. అడిగితే అధికారి ముందే సోదా జరగాలనేది తన హక్కని ఆ మనిషికి తెలియనే తెలియలేదు. ఆ హక్కు ఉందని అనుమానితుడికి తెలియజేయడం తప్పనిసరి అని 2010లో విజయ్‌సింహ్ జడేజా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2014లో పర్మానంద్ కేసు ఇంకా విచిత్రం. ఇద్దరికీ కలిపి ఒకే చోట చెప్పారు, ఇద్దరి తరఫునా ఒకరే సంతకం పెట్టారు. పైగా మేజిస్ట్రేట్, గెజిటెడ్ అధికారి కాక, దాడికి వచ్చిన బృందంలోని సూపరింటెండెంట్ ముందైనా సరే అంటూ మూడో దారి చూపించారు. కోర్టు ఒప్పుకోలేదు. అనువాదం చేసేవాళ్ళకు ఇందులో నేరుగా పనికొచ్చేది ఉంది: మూలంలో లేని మూడో దారిని, మర్యాద కోసమైనా సరే, చేర్చకండి.

ఇంకో చిక్కు 'సెర్చ్ ఆఫ్ పర్సన్'. 'వ్యక్తి సోదా' అంటే అన్నీ అందులోకే వస్తాయనిపిస్తుంది. ఈ సెక్షన్ ఒంటిమీది సోదాకే వర్తిస్తుందనీ, చేతిలోని సంచికి వర్తించదనీ 2005లో పవన్ కుమార్ కేసులో తేలింది. అందుకని నేనైతే ఇలా రాస్తాను:

'మీ ఒంటిమీద సోదా చేయబోతున్నాం. మీరు కోరితే, దగ్గర్లోని గెజిటెడ్ అధికారి ముందు గానీ, మేజిస్ట్రేట్ ముందు గానీ ఆ సోదా జరగాలి. అది చట్టం మీకిచ్చిన హక్కు. అలా కోరుతున్నారా?'

'రిక్వయర్' అనే మాట ఇక్కడ 'అవసరం' కాదు, 'కోరడం'. 'మీకు అవసరమైతే' అని రాశారంటే, 'నాకేం అవసరం సార్' అని తల అడ్డంగా ఊపేస్తాడు.

6. మర్యాదను కోర్టుకు తీసుకెళ్ళకండి

'లాయర్ ఉంటే బాగుండేదేమో సార్' అంటే మనలో మనకు అడిగినట్టే లెక్క. అమెరికాలో కాదు. 'బహుశా నేను లాయర్‌తో మాట్లాడాలేమో' అన్న డేవిస్ అనే నిందితుడి మాటను స్పష్టమైన కోరికగా 1994లో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2010లో థాంప్కిన్స్ కేసులో, నిందితుడు మూడు గంటలకు దగ్గరగా దాదాపు నోరు విప్పకుండా కూర్చున్నా, మౌనహక్కు వాడుకున్నట్టు కాదంది. ఊరికే మౌనంగా ఉంటే చాలదు, నోటితో చెప్పాలన్నమాట. కాబట్టి మనిషి అనాల్సిన వాక్యంలో 'ఏమో', 'బాగుండు', 'కొంచెం' ఉండకూడదు. 'నాకు' అనే మాట కూడా వదిలేయకండి, ఎవరికి కావాలో తెలియాలి.

దుబాసీగా ఉన్నప్పుడు మాత్రం ఇదంతా తిరగబడుతుంది. అతను 'ఉంటే బాగుండేదేమో' అంటే 'మేబీ'తో సహా చెప్పాలి. జాలిపడి మీరు 'ఐ వాంట్ ఎ లాయర్' అని గట్టి చేస్తే అది అతని మాట కాదు, మీ మాట. అర్థం తేలకపోతే మళ్ళీ అడగనివ్వండని అక్కడే అనండి.

7. రాసి ఇవ్వండి, ఆ తర్వాత ఒకరి మీద పరీక్షించండి

ముందస్తు నిర్బంధం (నేరం చేస్తాడేమోనని ముందే పట్టి ఉంచడం) కేసుల్లో, ఇంగ్లీషు రానివాడికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి నోటితో వివరించామంటే చాలదని సుప్రీంకోర్టు 1962లో హరికిసన్ కేసులోనూ, ఆ తర్వాత లల్లూభాయ్ పటేల్ కేసులోనూ చెప్పింది. అందుకే తెలుగు ప్రతి చేతిలో పెట్టాలి, పెద్ద అక్షరాల్లో.

ఇంగ్లీషు చూడని ఒక మనిషికి మీ తెలుగు ఇవ్వండి. 'అర్థమైందా?' అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. 'ఇప్పుడు నువ్వేమంటావు? వాళ్ళేం చేయాలి?' అని అడగండి. తడబడిన చోట తిరగరాయండి.

8. విదేశీ కార్డైతే రెండు వరుసలు పెట్టండి

అక్కడి పోలీసుకు తెలుగు రాదు. పైన అర్థం, కింద పలకాల్సిన ఇంగ్లీషు, తెలుగు లిపిలోనే ఉండాలి. అమెరికా కార్డుకు ఈ మూడూ చాలు:

లాయర్ లేకుండా జవాబులు చెప్పను. నాకు లాయర్ కావాలి.
*ఐ వోంట్ ఆన్సర్ క్వశ్చన్స్ వితౌట్ ఎ లాయర్. ఐ వాంట్ ఎ లాయర్.*

సోదాకు నేను ఒప్పుకోవడం లేదు. (చేతులు అడ్డం పెట్టకూడదు, మాటతోనే చెప్పాలి.)
*ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సెర్చ్.*

నన్ను పట్టుకున్నారని ఇండియా కాన్సులేట్‌కు తెలియజేయండి. (1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం. కోరితేనే తెలియజేస్తారు, ఊరుకుంటే లేదు.)
*ప్లీజ్ నోటిఫై ది ఇండియన్ కాన్సులేట్.*