పాత చర్చి ఆర్గన్ ఎప్పటిదో తెలుసుకోవాలంటే

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లు ఏ ఊరి చర్చికెళ్లినా చాలాచోట్ల గోడంత ఎత్తు పైప్ ఆర్గన్ (పైపుల్లోకి గాలి పంపి మోగించే వాయిద్యం) కనిపిస్తుంది, ఎప్పటిదండీ అంటే ఎవరో ఒకరు కీబోర్డు పైనున్న నేమ్‌ప్లేట్ చూపిస్తారు. రాసుకోండి గానీ పూర్తిగా నమ్మేయొద్దు, ఒక్కోసారి అది ఆఖర్న రిపేరు చేసిన కంపెనీది అయ్యుంటుంది.

పైకి కనిపించే చెక్క పెట్టెని కూడా నమ్మలేం. లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్ అనే పెద్ద చర్చిలో 1690ల్లో బెర్నార్డ్ స్మిత్ ఆర్గన్ కట్టాడు, ఆ పెట్టె మీద నగిషీ గ్రిన్లింగ్ గిబ్బన్స్‌ది. 1872లో ఆర్గన్లు కట్టే హెన్రీ విల్లిస్ వచ్చి పెట్టెని రెండుగా చీల్చి అటొకటి ఇటొకటి నిలబెట్టి లోపల దాదాపు కొత్త ఆర్గనే పెట్టాడు. అంటే పెట్టె వయసు వేరు, వాయిద్యం వయసు వేరు.

ముందు ఆన్‌లైన్‌లో నేషనల్ పైప్ ఆర్గన్ రిజిస్టర్ తెరవండి, ఫ్రీనే. ఊరి పేరు కొడితే చాలావాటికి స్టాప్‌ల (ఏ పైపుల వరస మోగాలో ఎంచుకునే నాబ్‌ల) లిస్టు, కట్టినవాళ్ల పేరు వస్తాయి. ఆ లిస్టు పట్టుకుని ఇప్పుడున్న నాబ్‌లతో సరిచూడండి, ఒకటి రెండిటి మీద అక్షరాలు వేరే తీరులో ఉంటే అవి తర్వాత చేర్చినవేమో అని అనుమానించాలి.

తర్వాత చర్చి జమాఖర్చుల పుస్తకాలు అడగండి. నా లెక్కలో మీటింగ్ మినిట్స్ కన్నా ఇవే నయం, ఎందుకంటే తిత్తి కొట్టి గాలి ఊదే మనిషికిచ్చే జీతం ఏ ఏడు ఆగిపోయిందో చూస్తే ఆ మనిషి బదులు గాలి ఊదే మోటారు ఎప్పుడొచ్చిందో దాదాపు తెలిసిపోతుంది.

అసలు సరుకంతా లోపలుంది. మీ అంతట మీరు దూరొద్దు, ట్యూనింగ్‌కి మనిషి వచ్చే రోజు కనుక్కుని పర్మిషన్‌తో ఆయన వెనకే వెళ్లండి, పైపుల్ని ముట్టుకోకండి, చేతి వేడికే స్వరం మారుతుంది, పైగా వాటిలో సీసం ఉంటుంది. టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే లోహపు పైపు మీద గీకిన స్వరం అక్షరం పైకి తేలుతుంది. ఒకే వరసలో రెండు చేతిరాతలు కనిపిస్తే కొన్ని పైపులు వేరేచోట నుంచి తెచ్చినవి కావచ్చు. బి స్వరం ఉండాల్సిన చోట హెచ్ అని ఉంటే, ఆ స్వరాన్ని హెచ్ అనే జర్మన్ పద్ధతి నేర్చినవాడి చెయ్యేమో చూడాలి. పైపు కొసలు కోసేసి ఉన్నాయంటే ఎప్పుడో శ్రుతి పెంచి ఉండొచ్చు. చెక్క పైపుల మీద, తిత్తి దగ్గర పెన్సిల్‌తో పనివాళ్లు పేరూ తేదీ రాసుకున్నవి దొరికితే మాత్రం పండగే, వెంటనే ఫొటో తీసేయండి.

ఏ తేదీ ఎక్కడ దొరికిందో పక్కనే రాసుకుంటూ పోండి, రిజిస్టర్‌లో లేనిది దొరికితే ఫొటోతో సహా వాళ్లకే పంపండి.