పాలపన్నా, శాశ్వత దంతమా? అది తేలాకే వైద్యం

పిల్లల నోట్లో ఏదైనా తేడా కనపడగానే పెద్దవాళ్లు ముందుగా అడిగేది "నొప్పిగా ఉందా?" అని. అంతకంటే ముందు తేల్చుకోవలసింది అది పాలపన్నా, శాశ్వత దంతమా అన్నది. ఒకే దెబ్బ, ఒకే పుచ్చు, ఒకే రంగు మార్పు ఈ రెంటిలో వేర్వేరు సంగతులు చెబుతాయి. దెబ్బ తగిలి ఊడిన శాశ్వత దంతాన్ని వెంటనే దాని చోట తిరిగి పెట్టాలి. పాలపన్నునైతే పొరపాటున కూడా పెట్టకూడదు. అందుకే లక్షణాల జోలికి వెళ్లే ముందు కాస్త లెక్క, కాస్త నిర్మాణం.

పన్నును గుర్తుపట్టడం

రెండు ముందు పళ్ల మధ్య గీత నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. పాలపళ్లు ఐదుతో ఆగిపోతాయి: రెండు కొరికే పళ్లు, ఒక కోరపన్ను, రెండు దవడపళ్లు. పైన రెండు పక్కలా, కింద రెండు పక్కలా ఐదేసి, మొత్తం 20. ఊడిన పన్ను ఉంటే ఆ ఖాళీని కూడా లెక్కలో వేసుకోవాలి. ఆరోది కనపడిందంటే అది శాశ్వత దంతమే. శాశ్వత దంతాలు పక్కకు ఎనిమిది చొప్పున 32. కోరపన్ను వెనక రెండు చిన్న దవడపళ్లు, వాటి వెనక మూడు పెద్దవి. పాఠ్యపుస్తకాలు వీటిని అగ్రచర్వణకాలు, చర్వణకాలు అంటాయి. పాలపళ్లలో అగ్రచర్వణకాలు ఉండవు. పాల దవడపళ్లు ఊడిన చోటికి వచ్చేవి అవే.

పైకి చూస్తే పాలపన్ను పొట్టిగా, చిగురు దగ్గర ఉబ్బెత్తుగా, తెల్లగా ఉంటుంది. శాశ్వత దంతం పెద్దది, కాస్త పసుపుచాయ.

లోపలి పొరలు రెంటిలోనూ అవే. పైన ఎనామెల్. శరీరంలో దీన్ని మించిన గట్టి పదార్థం లేదు, బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అందులో జీవకణాలు ఉండవు కాబట్టి ఒకసారి విరిగితే తిరిగి పెరగదు. దాని కింద డెంటిన్, పసుపుపచ్చగా, కంటికి ఆనని సన్నని గొట్టాలతో నిండి ఉంటుంది. నడుమ నరాలు, రక్తనాళాలు ఉండే పల్ప్. వేరు మీద ఎనామెల్ ఉండదు, సిమెంటం అనే పలుచని పొర ఉంటుంది. దాన్ని దవడ ఎముకకు పట్టి ఉంచేవి సన్నని నార పోగులు. చిగుళ్లు కిందికి జారిన పెద్దవాళ్లకు చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేదీ ఈ నిర్మాణం వల్లే. బయటపడిన వేరు మీది పొర అరిగి, డెంటిన్ గొట్టాల్లోని ద్రవం కదులుతుంది. ఆ కదలికను నరం నొప్పిగా అందుకుంటుంది.

తేడా అంతా కొలతల్లో ఉంది. పాలపంటి ఎనామెల్ మందం సుమారు 1 మిల్లీమీటరు. శాశ్వత దవడపంటి మీద అది రెండింతలు దాటుతుంది. పల్ప్ మాత్రం, పంటి పరిమాణంతో పోల్చి చూస్తే, పాలపంటిలోనే పెద్దది. దాని కొనలు పైపొరకు బాగా దగ్గరగా వస్తాయి. కింద చెప్పే సమస్యల్లో సగానికి మూలం ఇదే.

ఆరేళ్ల పిల్లకు చివరి దవడపన్ను పుచ్చింది, "ఎలాగూ ఊడేదే కదా" అంటున్నారు

లెక్కలో అది ఆరోదైతే ఊడదు. పిల్లల పళ్ల విషయంలో ఇంతకు మించిన పొరపాటు లేదని నా అభిప్రాయం. కారణం సులువుగానే తెలుస్తుంది. సుమారు ఆరేళ్లకు, పాలపన్ను ఒక్కటీ ఊడకముందే కొందరిలో, పాల దవడపళ్ల వెనక కొత్త చోట మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. అది దేని స్థానంలోనూ రాదు కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. అదీ పాలపన్నే అనుకుంటారు.

ఈ పన్ను పుచ్చిపోవడానికి పరిస్థితులన్నీ అనుకూలంగా ఉంటాయి. పైకి పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది. ఆ రోజుల్లో దాని ఉపరితలం పక్కపళ్ల కంటే పల్లంలో ఉంటుంది, వెనక సగం మీద చిగురు కప్పులా పడి ఉంటుంది, బ్రష్ దాని మీదుగా జారిపోతుంది తప్ప ఆనదు. నమిలే వైపు గాడులు లోతు, కొన్ని బ్రష్ పోచ కంటే సన్నం. అప్పుడే వచ్చిన ఎనామెల్ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు కూడా.

పరిష్కారం రెండు దశల్లో. పన్ను వస్తున్నప్పుడు బ్రష్‌ను వరస వెంట కాకుండా బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి, ఆ ఒక్క పన్నును విడిగా తోమాలి. ఆ వయసులో ఆ పని పెద్దవాళ్లే చేయాలి. పన్ను పూర్తిగా పైకి వచ్చాక గాడులు పూడ్చే సీలెంట్ వేయించాలి. పుచ్చు అప్పటికే మొదలైతే పూడ్పించాలి, వాయిదా వేయకూడదు. ఈ పంటి వేర్లు తయారవడం తొమ్మిది, పదేళ్లకు గానీ పూర్తికాదు. అంతకు ముందే పల్ప్ చచ్చిపోతే వేరు కొన తెరుచుకునే ఉండిపోతుంది, గోడలు పలచగా మిగిలిపోతాయి, వైద్యం చాలా కష్టమవుతుంది.

పాలపంటి మీద నిన్నమొన్నటి చిన్న మచ్చ, ఇప్పుడు చిగురు మీద చీముపొక్కు

నిన్నమొన్న అనిపించడంలో అతిశయోక్తి కొంతే. పలుచని ఎనామెల్, దగ్గరగా ఉన్న పల్ప్ కలిసి పుచ్చును వేగంగా లోపలికి దింపుతాయి. పాల దవడపళ్లు ఒకదానికొకటి వెడల్పుగా ఆనుకుని ఉంటాయి. పుచ్చు ఆ ఆనుకున్న చోట మొదలైతే పైనుంచి కనపడదు. కనపడే సరికి పల్ప్ దాకా చేరి ఉంటుంది. పల్ప్ గది అడుగు భాగంలో సన్నని దారులు ఉంటాయి కాబట్టి చీము వేరు కొన దగ్గర కాకుండా తరచూ రెండు వేర్ల నడుమ చేరుతుంది. పొక్కు చిగురు అంచుకు దగ్గరగా కనపడేది అందుకే.

పొక్కు పగిలి నొప్పి తగ్గిపోతే "నయమైంది" అనుకుంటారు. చీముకు దారి దొరికింది, అంతే. జబ్బు అక్కడే ఉంది. ఆ వేర్ల కిందే శాశ్వత దంతం తయారవుతూ ఉంటుంది. చీము ఎక్కువకాలం ఉంటే ఆ దంతపు ఎనామెల్ గుంటలు, గోధుమ మచ్చలతో తయారుకావచ్చు.

పుచ్చు లోతుగా ఉన్నా పల్ప్ వేర్లలో ఆరోగ్యంగానే ఉంటే, పై భాగం పల్ప్ మాత్రమే తీసి మందు పెట్టి పల్పాటమీ చేస్తారు. దవడపన్నయితే పైన స్టీలు తొడుగు వేస్తారు. చీము పట్టి ఎముక దెబ్బతింటే పన్ను తీసేయడమే మేలు. తీస్తే అంతటితో పని అయిపోలేదు. పాల దవడపన్ను తొందరగా పోతే వెనక ఆరేళ్లకు వచ్చిన శాశ్వత దవడపన్ను ముందుకు ఒరిగి ఆ ఖాళీని ఆక్రమిస్తుంది, కింది నుంచి రావలసిన అగ్రచర్వణకానికి చోటుండదు. కాబట్టి చోటు కాపాడే తీగె పరికరం అవసరమా అని అదే రోజు అడగండి.

ముఖం వాచినా, జ్వరం ఉన్నా, మింగడం కష్టమైనా మర్నాటి దాకా ఆగకూడదు.

పాలపన్ను ఊడకుండానే దాని వెనక మరో వరస

చూడటానికి కంగారుగా ఉంటుంది, చాలాసార్లు ప్రమాదమేమీ లేదు. కింది ముందు శాశ్వత దంతాలు పాలపళ్లకు నాలుక వైపున తయారవుతాయి. పాలపంటి వేరు కరగడం కాస్త ఆలస్యమైతే కొత్తది వెనక నుంచి బయటికి వస్తుంది. పాలపన్ను ఊగుతుంటే రోజూ ఊపుతూ ఉండమనండి, ఊడిపోయాక నాలుకే కొత్త పన్నును ముందుకు నెడుతుంది. అసలు కదలకపోయినా, రెండు మూడు నెలలైనా ఊడకపోయినా డాక్టరుకు చూపించాలి. పై దవడలో ఇలా వస్తే అంత తేలిగ్గా తీసుకోకూడదు, పైపన్ను కిందిపళ్ల వెనక చిక్కుకుపోవచ్చు.

ఊడిన పాలపంటికి వేరు లేదు, లోపలే విరిగి ఉండిపోయిందా?

లేదు. చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి: అడుగున గరుకు అంచు, లోపల ఎర్రని గుల్ల. వేరును ప్రత్యేక కణాలు కొద్దికొద్దిగా కరిగించివేశాయి. దవడపళ్లలో ఈ ఏర్పాటు చూడదగ్గది. పాల దవడపంటి వేర్లు పట్టకారు కాళ్లలా వెడల్పుగా చాచుకుని, నడుమ తయారవుతున్న అగ్రచర్వణకానికి చోటిస్తాయి. ఆ కొత్త పన్ను పైకి వస్తున్న కొద్దీ వేర్లు కరుగుతాయి. దెబ్బ తగిలి ఊడిన పాలపంటికైతే పొడవాటి వేరు ఉంటుంది. అది సహజంగా ఊడలేదని గుర్తు.

కొత్తగా వచ్చిన ముందు పళ్లు పసుపుగా ఉన్నాయి, అంచు ఎగుడుదిగుడుగా ఉంది

వైద్యమేమీ అక్కర్లేదు. డెంటిన్ మందంగా ఉండి ఎనామెల్ గుండా కనపడటం వల్ల ఆ రంగు. పక్కన తెల్లని పాలపళ్లు ఉన్నంతకాలం తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. అంచు మీది మూడు బొడిపెలు కొరకగా కొరకగా అరిగిపోతాయి. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య పై ముందు పళ్ల నడుమ సందు కూడా ఇలాంటిదే. పైన రాబోయే కోరపళ్లు పక్కపళ్ల వేర్లను ఒత్తుతుంటాయి, అవి దిగాక చాలామందిలో సందు మూసుకుంటుంది. తీగెలు కట్టించడానికి తొందరపడకండి.

పడి, ముందు పన్ను ఊడి చేతిలోకి వచ్చింది

ఏడేళ్ల లోపు పిల్లలైతే ముందు ఏ పన్నో చూసుకోండి. పాలపన్నయితే తిరిగి పెట్టవద్దు. లోపల తయారవుతున్న దంతం దెబ్బతింటుంది. రక్తం ఆగేలా శుభ్రమైన గుడ్డ అదిమి పట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి, మిగతా పళ్లు, పెదవి చూపించండి.

శాశ్వత దంతమైతే నిమిషాలు లెక్క. వేరును ముట్టుకోకుండా తెల్లని పైభాగం పట్టుకోవాలి. మట్టి ఉంటే పాలతో మెల్లగా కడగాలి, రుద్దకూడదు, గీకకూడదు. వేరు మీద అంటుకుని ఉన్న ఆ నార పోగుల కణాలు బతికి ఉంటేనే పన్ను మళ్లీ కుదురుకుంటుంది. వెంటనే దాని గుంటలో సరిగ్గా పెట్టి, శుభ్రమైన గుడ్డను మెల్లగా కొరికి పట్టుకోమనాలి. పెట్టడం సాధ్యం కాకపోతే పాలలో వేసి తీసుకెళ్లాలి, మామూలు నీళ్లలో కాదు. ఒక గంటసేపు బయట ఎండిపోతే ఆ కణాల్లో చాలా వరకు చచ్చిపోతాయి. పిల్లవాడు స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పెట్టకండి.

దెబ్బ తగిలినా ఊడకుండా, కొన్ని వారాలకు పాలపన్ను బూడిదరంగుకు మారితే లోపల రక్తం ఇంకిందని అర్థం, పల్ప్ చచ్చిందని కచ్చితంగా చెప్పలేం. కొన్ని మళ్లీ తేటపడతాయి. నొప్పి, పొక్కు లేకపోతే గమనిస్తూ ఉంటే చాలు. శాశ్వత దంతం అలా మారితే మాత్రం ఎక్స్‌రే, పల్ప్ పరీక్ష తప్పవు.

మచ్చలు: ఒక్క పంటి మీదా, జతగానా?

కారణం వెతకడానికి ఇది మంచి దారి. కుడి ఎడమల్లో ఒకేలా తెల్లని గీతలు, మచ్చలు ఉంటే పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడు ఎక్కువైందేమో అడగాలి. ఒకే ఒక్క అగ్రచర్వణకం మీద గుంట ఉంటే దాని పైనున్న పాలపంటికి ఒకప్పుడు చీము పట్టిందా అని గుర్తుచేసుకోండి. ఆరేళ్ల దవడపళ్ల మీద, కొన్నిసార్లు ముందు పళ్ల మీద కూడా, పసుపు గోధుమ రంగు మచ్చలుండి, పొడిగా రాలుతూ, తోముతుంటేనే జివ్వుమంటే అది ఎనామెల్ బలహీనత. పిల్లవాడు ఆ పక్క తోమనంటే అల్లరి కాదు, నొప్పి. పూతలు, తొడుగులు వీటికి బాగా పనికొస్తాయి. పై పాలపళ్ల మీద చిగురు వెంబడి సుద్దలాంటి తెల్లని గీత పుచ్చుకు మొదటి మెట్టు, రాత్రి పాలసీసాతో నిద్రపోయే పిల్లల్లో ఎక్కువ. అప్పుడే పట్టుకుంటే ఫ్లోరైడు పూతతో ఆపవచ్చు. మూడేళ్ల లోపు ఫ్లోరైడు పేస్టు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత.

పన్ను రావడం లేదు, లేదా ఊడటం లేదు

మొదటి పాలపన్ను ఆరు నెలలకు కాకుండా ఏడాదికి వచ్చినా కంగారు లేదు. ఏడాదిన్నరైనా ఒక్కటీ రాకపోతే చూపించాలి. పళ్లు వచ్చేటప్పుడు చొంగ, చిరాకు సహజం, గట్టి జ్వరం మాత్రం పళ్ల వల్ల కాదు, వేరే కారణం వెతకాలి. శాశ్వత దంతాల విషయంలో ఎడమ పక్కది వచ్చి ఆరు నెలలు దాటినా కుడి పక్కది రాకపోతే ఎక్స్‌రే తీయించండి.

పాల దవడపన్ను పక్కవాటికంటే పల్లంలోకి దిగినట్టు కనపడితే అది ఎముకకు అతుక్కుపోయి ఉండవచ్చు. నిజానికి అది దిగలేదు, చుట్టూ దవడ పెరిగింది, అది పెరగలేదు. తీయాలా, ఉంచాలా అన్నది కింద శాశ్వత దంతం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముప్పై ఏళ్లు దాటినవారిలోనూ ఒక్కోసారి పాలపన్ను కనపడుతుంది, ఎక్కువగా కింది దవడలో రెండో దవడపన్ను. దాని స్థానంలో రావలసిన అగ్రచర్వణకం పుట్టుకతోనే లేకపోవడం మామూలు కారణం. వేర్లు గట్టిగా ఉండి, పుచ్చు లేకపోతే తీయించవలసిన పని లేదు, అలాంటివి దశాబ్దాలపాటు పనిచేస్తాయి. ఎత్తు తగ్గితే పైన పూడ్పించి సమం చేస్తారు. వేర్లు కరుగుతున్నట్టు ఎక్స్‌రేలో కనపడినప్పుడు మాత్రం ఇంప్లాంటా (ఎముకలో అమర్చే కృత్రిమ దంతం), బ్రిడ్జా (పక్కపళ్ల ఆసరాతో కట్టే పన్ను), తీగెలతో చోటు మూయడమా అన్నది డాక్టరుతో కూర్చుని నిర్ణయించుకోవాలి.