గే, లెస్బియన్ ప్రేమకథ చదివాక మనసు కుదుటపడకపోతే ఏం చేయాలి

ఇద్దరు అబ్బాయిల ప్రేమకథో, తనకేమవుతోందో తనకే అంతుబట్టని పదిహేడేళ్ల అమ్మాయి కథో అర్ధరాత్రి దాకా కూర్చుని పూర్తిచేశారనుకోండి. నిద్రపట్టదు, మర్నాడు ఆఫీసులో కూడా ధ్యాసంతా దానిమీదే. గే, లెస్బియన్ పాఠకులకే ఇలా అవుతుందనుకోకండి, ఎవరికైనా అవుతుంది. అప్పుడు చాలామంది వెంటనే ఫోన్ తీసి స్టార్లు ఇచ్చేస్తారు, లేదా మిగతావాళ్లు ఏం రాశారో చదవడం మొదలుపెడతారు. దయచేసి ఆ రాత్రికి ఆ రెండూ వద్దు. మీకేమనిపించిందో మీకే సరిగ్గా తెలియకముందే పక్కవాళ్ల మాటలు చదివితే అవే మీవి అయిపోతాయి.

ముందు మీరు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. కాగితం మీదైనా, ఫోన్‌లోనైనా పర్లేదు, ఇంకెవరి కంటా పడని చోట. కథంతా రాయక్కర్లేదు, ఏ పేజీలో, ఎవరు ఏం చేస్తుండగా గొంతు పట్టేసిందన్నది చాలు. చాలాసార్లు అది మనం అనుకునే చోటు కాదు. మొదటి ముద్దు దగ్గరా ఏమీ కాదు, విడిపోయినప్పుడూ తట్టుకుంటాం, కొడుకు సంగతి తెలిసిపోయిన తల్లి ఏమీ అడక్కుండా వాడి కంచంలో ఇంకో గరిటె పప్పు వేస్తుంది చూడండి, అక్కడ కళ్లు నిండిపోతాయి. అలాంటప్పుడు "చాలా బాగుంది, ఏడిపించేసింది" అని రాస్తే చదివినవాళ్లకి ఏమీ తెలియదు, నెల తిరిగేసరికి మీకూ గుర్తుండదు. "పప్పు వేసిన చోట ఆగిపోయాను, మా ఇంట్లో ఇలాంటి మాటొస్తే అందరూ లేచి వెళ్లిపోతారు" అని రాయండి. రెండు ముక్కలే అయినా అందులో మీరున్నారు.

ఇక ఆ ఏడుపు ఎవరికోసమో చూసుకోవాలి. ఇది కాస్త కష్టమైన పని, తొందరేం లేదు. కొంత ఆ పాత్ర కోసమే, అది సులువుగానే తెలుస్తుంది. మిగతాది మీకోసం కావచ్చు. ముప్పై, నలభై దాటినవాళ్లు హాయిగా ముగిసిన టీనేజ్ ప్రేమకథ చదివి కూడా కుమిలిపోతుంటారు, ఎందుకంటే ఇంటర్లో పక్కన కూర్చున్న మనిషితో తమకి అలాంటి ఒక్క సాయంత్రమైనా దక్కలేదు. ఇద్దరు మగవాళ్లో ఇద్దరు ఆడవాళ్లో, పెద్దవాళ్లే అయ్యుండి ఇష్టపడి కలిసినా, మన దేశంలో అది శిక్షాస్మృతి 377వ సెక్షన్ కింద నేరంగానే ఉండేది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఊరట ఇస్తే 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మళ్లీ 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు అది నేరం కాదంది. ఆ ఏళ్లన్నీ నోరు కట్టుకుని పెరిగిన మనిషికి, కథలో కుర్రాళ్లు చేతులు పట్టుకుని తిరుగుతుంటే అసూయ పుడుతుంది. పుడితే అసూయ అనే రాసుకోండి, "ఏదో తెలియని భావం" అని మెత్తగా దాటేయకండి.

మీరు గేనో లెస్బియనో కాకపోతే ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు చనిపోయినప్పుడు ఏడ్చారు సరే, వాళ్లు బతికుండి పక్క వీధిలో అద్దెకు దిగి రైతుబజార్లో వంకాయలు బేరమాడుతుంటే అంతే ఇష్టంగా చదివేవారా? లేదనిపిస్తే మీకు కలిగింది చాలావరకు జాలే. జాలి పడటం తప్పని అనను గానీ, దాన్ని ప్రేమ అనుకుని పదిమందికీ చెప్పకండి.

ఇలాంటి కథల్లో ఇన్ని చావులెందుకని కోపమొస్తుంది చూడండి, ఆ కోపం న్యాయమైనదే, దానికి చరిత్ర ఉంది. 1950ల అమెరికాలో ఆడవాళ్ల మధ్య ప్రేమని మెచ్చుకుంటున్నట్టు కనిపిస్తే పోస్టల్ శాఖ పుస్తకాల్ని ఆపేస్తుందన్న భయంతో, ముగింపు సంతోషంగా ఉండకూడదని ప్రచురణకర్తలే రచయితలకి చెప్పేవారు. సరిగ్గా ఆ రోజుల్లో, 1952లో, అమెరికన్ రచయిత్రి పాట్రీషియా హైస్మిత్ 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్' నవలని క్లేర్ మోర్గాన్ అన్న మారుపేరుతో తెచ్చారు. అందులో ఇద్దరు ఆడవాళ్లూ బతికే ఉంటారు, కలిసుంటారన్న ఆశా మిగులుతుంది. మరుసటి ఏడాది చవక ఎడిషన్ వచ్చాక ఆ మారుపేరు మీద నెలల తరబడి ఉత్తరాలు వచ్చాయి. ఇలాంటి కథ మంచిగా ముగియడం ఇదే మొదటిసారని సంతోషపడినవాళ్లున్నారు, మా చిన్న ఊళ్లో మాట్లాడేందుకు ఒక్క మనిషీ లేరని రాసుకున్నవాళ్లూ ఉన్నారు. ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం. ఫోర్‌స్టర్ అయితే సుఖాంతం మార్చడానికి ఇష్టపడక, 1914 నాటికే రాసిన మగవాళ్ల ప్రేమ నవల 'మారిస్'ని బతికుండగా అచ్చువేయించలేదు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1971లో అది బయటికొచ్చింది. కాబట్టి వాళ్లిద్దరూ చల్లగా ఉంటే బాగుండునని మీకనిపించడం పిల్లతనమేం కాదు. మనసు బాగోలేని రోజుల్లో చివరి పేజీ ముందే చదివేయండి, లేదా చదివినవాళ్లని "ఎవరైనా చనిపోతారా?" అని నేరుగా అడిగేయండి. నా మటుకు నాకు ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ కనిపించదు.

ఇంట్లో తెలియకుండా చదువుతున్నవాళ్లకి చిన్న జాగ్రత్త. కిండిల్ పక్కన పెడితే తెరమీద మీరు చదువుతున్న పుస్తకం అట్టే కనిపించేలా ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఆపేయండి. నాన్నగారి అకౌంట్‌తో కొంటే ఆర్డర్ల జాబితాలో పేరు ఉండిపోతుంది, తర్వాత అలాంటి పుస్తకాలే ఆయనకీ చూపిస్తుంది. ఇంకొకటి, కథ తాలూకు ఏడుపు ఒకట్రెండు రోజుల్లో తేలికపడాలి. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, ఇక బతకడం ఎందుకనిపించినా పుస్తకం పక్కన పెట్టి టెలి మానస్‌కి, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నలుగురికీ చెప్పాలనిపించినప్పుడు మీ సంగతి మీరు ఎంతైనా చెప్పుకోండి, అది మీ ఇష్టం. "ఇది చదువుతుంటే మా ఫ్రెండే గుర్తొచ్చాడు" అని మాత్రం రాయకండి, పేరు రాయకపోయినా మిమ్మల్ని తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. కథలో ఆత్మహత్యో, కొట్టడమో, బలవంతపు పెళ్లో ఉంటే మొదటి వాక్యంలోనే చెప్పేయండి. తెలుగు మాత్రమే చదివే అమ్మకో పిన్నికో ఏదైనా ఇవ్వాలనుకుంటే, నవల కాదు గానీ, ట్రాన్స్ మహిళ ఎ. రేవతి జీవితకథ పి. సత్యవతి గారి అనువాదంలో 'ఒక హిజ్రా ఆత్మకథ'గా ఉంది. ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. ఇచ్చి ఊరుకోండి, చదివారా చదివారా అని వెంటపడకండి.

అలాగే ఎవరైనా మీ చేతికే ఇలాంటి పుస్తకం ఇచ్చి "చదివి చెప్పు" అన్నారంటే, కొన్నిసార్లు వాళ్లు అడుగుతున్నది నవల గురించి కాదు. అలాగని "నువ్వు కూడానా?" అని అడిగేయొద్దు. మీకు నచ్చిన ఒక సన్నివేశం గురించి మాట్లాడండి, అందులో ఏ పాత్ర మీద మీకెంత కోపమొచ్చిందో చెప్పండి. వాళ్లు మాట మారిస్తే మీరూ మార్చేయండి. ఇంకేం అనాలో తోచకపోతే ఆ రచయితవి వేరేవి ఏమున్నాయో అడిగి తెచ్చుకోండి.